ఐదో బూడిద బొమ్మ

ఆ గొంతు మళ్లీ వినిపించింది. ఈసారి మేకప్ గది అద్దంలోంచి.

“నటన ఫరవాలేదు, అంతే. అయినా ఈ అమ్మాయికి ఇస్తే మనకి మంచిపేరు వస్తుంది. గ్రూపు ఫొటోలో కాస్త రంగు తేడా కనపడాలి కదా. ఎనిమిది వేసుకోండి.”

ఆడగొంతో మగగొంతో తేల్చలేని యంత్రపు గొంతు. ఎవరో బయటపెట్టిన ఆ జ్యూరీ వ్యాఖ్యని వార్తల అద్దాలన్నీ పొద్దున్నించీ వేస్తూనే ఉన్నాయి. బయట హాల్లో జనం అప్పుడే రెండు పక్షాలయ్యారు. ఒక పక్షం “దయ వద్దు, ప్రతిభ ముద్దు” అని అరుస్తోంది. రెండో పక్షం ఏమంటోందో ఆ గోలలో తెలియడం లేదు.

తస్నీమ్ సిద్దీ అద్దానికి వీపు పెట్టి కూర్చుని చెవి జుంకీలు తీస్తోంది. ఎడమది వచ్చింది. కుడిదానికి కొక్కెం పట్టేసింది.

“నీళ్ల ఆటోను పిలిచిన మేడమ్,” అంది, పరుగున లోపలికొచ్చిన డాక్టర్ గంటి మందాకినిని చూసి. “ఇప్పుడొస్తది. భీమిలి ఒడ్డున దిగి, ఆడికెళ్లి హైదరాబాద్ రైలెక్కుత. మీ వెండి రీలు అవార్డు మీ దగ్గరనే ఉంచుకోండి.”

“అది నాది కాదమ్మా. నీది.”

“నాది కాదు. ఎవరో ఫొటోల రంగు కోసం ఇచ్చింది.”

మందాకిని ఆయాసపడుతూ ఎదురుగా కుర్చీ లాక్కుంది. అవార్డులకి మార్కులు లెక్కేసే తూనిక యంత్రాన్ని కనిపెట్టింది ఆవిడే. ఈ పిల్ల ఆ ఆటో ఎక్కిందంటే రేపు తూనికని విప్పి పాతసామాను కింద పారేస్తారని ఆవిడకు తెలుసు. కానీ ఆ సంగతి ఇప్పుడు నోటికి రాలేదు. ఉత్తమ నటిగా పేరొచ్చిన రోజున ఒక అమ్మాయి తన జుంకీ తానే తెంపుకుంటుంటే చూడ్డం కష్టంగా ఉంది.

2079లో తెలుగు సినిమాలో నటించేవాళ్లు తెలుగువాళ్లే కానక్కర్లేదు. నైరోబీ నుంచి, సియోల్ నుంచి, లిమా నుంచి వచ్చి ఆరునెలల్లో తెలుగు నేర్చుకుని హీరోలైనవాళ్లున్నారు. అన్ని రంగుల వాళ్లూ తెర మీదకొచ్చారు. అవార్డులు మాత్రం చాలాకాలం ఒకే రంగు వాళ్లకి వెళ్లాయి. దాని మీద గొడవయ్యాక, ఉన్నట్టుండి అన్నీ రెండో వైపుకి వెళ్లాయి. అప్పుడు దాని మీద గొడవైంది. గెలిచిన ప్రతివాడికీ వెనక నుంచి ఒక నవ్వు వినిపించేది. “ప్రతిభకా, రంగుకా?”

ఆ నవ్వుని ఆపడానికే మందాకిని తూనికని తయారుచేసింది. జ్యూరీ సభ్యులు బూడిద కళ్లజోళ్లు పెట్టుకుని సన్నివేశాలు చూస్తారు. వాళ్లకి నటుల ముఖం, ఒంటి రంగు, జుట్టు, దుస్తులు ఏవీ కనపడవు. వాటి స్థానంలో ఒక అంకె ఉన్న బూడిదరంగు బొమ్మ ఉంటుంది. కనుబొమ్మ కదలిక, మెడ వంపు, వేళ్ల వణుకు మాత్రం నటి చేసినవి చేసినట్టే ఉంటాయి. సినిమా పేరుండదు. జ్యూరీ చూసేనాటికి ఆ సినిమా విడుదలే కాకూడదని నియమం. కాబట్టి ఎవరు ఏ బొమ్మో జ్యూరీకి తెలిసే దారి లేదు.

మార్కులు రెండు రకాలు. సభ్యుడు నోటితో చెప్పేవి నోటి మార్కులు. కళ్లజోడు కాడలో ఉన్న దేహసూచి అనే చిన్న సెన్సర్, అతని ఊపిరినీ నాడినీ కన్నీటినీ కొలిచి వేసేవి ఒంటి మార్కులు. రెండూ కలిపి తూనిక విజేతను తేలుస్తుంది. పొద్దున విజేతల్ని ప్రకటిస్తారు, సాయంత్రం భీమిలి దగ్గర సముద్రం మీద తేలే కెరటం ఆడిటోరియంలో వెండి రీలు చేతికిస్తారు. తస్నీమ్ పేరు పొద్దున ప్రకటించారు. కాసేపటికే ఆ గొంతు బయటికొచ్చింది.

“ఒక్కటి ఆలోచించు,” అంది మందాకిని. “ఏ సభ్యుడి వ్యాఖ్యల నకలు ఆ సభ్యుడికే ఇస్తుంది తూనిక. ఇంకొకరికి ఇవ్వదు, నాక్కూడా ఇవ్వదు. అంటే బయటపెట్టిందెవరు?”

తస్నీమ్ చెయ్యి జుంకీ మీద ఆగింది. “అన్నోళ్లే.”

“అన్నవాళ్లే. తానే దయ తలచి, తానే ఊరంతా చాటాడు. ఎందుకు?”

“ఆ సంగతి ఆ పెద్దమనిషినే అడగాలె.”

“ఎవరో తెలిస్తే కదా.” మందాకిని మణికట్టు పట్టీని నోటి దగ్గరికి తెచ్చుకుంది. “తూనికా, ఆ వ్యాఖ్య ఎవరిది?”

“చెప్పలేనండీ,” అంది తూనిక మర్యాదగా. “నన్ను కట్టినవాళ్లకి కూడా చెప్పకూడదని మీరే నేర్పారు. చాలా బాగా నేర్పారు.”

“ఎవరడిగితే చెప్తావు?”

“వ్యాఖ్య ఎవరి గురించో వాళ్లు అడిగితే చెప్తాను. వాళ్లు సభలో నిలబడి, అందరి ముందూ అడగాలి. అది జ్యూరీ పెట్టిన నియమం.”

“అందరి ముందర,” అంది తస్నీమ్. “మస్తు నియమం. నన్ను తిట్టిందెవరని నేనే మైకుల అడగాలె.”

అందుకే ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ నియమం రాసినవాళ్లకి నటుల సంగతి బాగా తెలుసు.

తలుపు తోసుకుని మేఖల వచ్చింది. చేతిలో మిరపకాయ బజ్జీల పళ్లెం. పదిహేనేళ్లుగా తెలుగు తెరని ఏలుతున్న తార. ఆవిడ చీర అంచు మీద సముద్రపు కెరటాలు కదులుతున్నాయి. ఈసారి పోటీలో రెండో స్థానం ఆవిడదే. బయట “దయ వద్దు” అంటున్నవాళ్లు రీలు ఆవిడకే ఇవ్వమంటున్నారు.

“ఏందే పిల్లా, పోతున్నవట?” అంది. ఇసుకలో గరిటె తిప్పినట్టున్న గొంతు, నికార్సైన ఆదిలాబాద్ యాస. “ముందు బజ్జీ తిను. కోపంల కడుపు ఖాళీగ ఉంచొద్దు.”

తస్నీమ్ కోపం మరిచిపోయి చూసింది. “అక్కా, ఇది మీ గొంతా?”

“మరెవరిదే?”

“తెర మీద తేనె కారుతది గదా.”

“ఆ తేనె సుభాషిణమ్మది. పాపం, నా ప్రతి సినిమాకి ఆమెనే డబ్బింగ్ చెప్తది. వాచస్పతి సార్ నన్ను సినిమాల్లోకి తెచ్చిన నాడే అన్నడు, నీ గొంతు వింటే నాకు మూడ్ పోతదమ్మా అని. సెట్ల పెదాలు కదిపేదాన్ని, అంతే. ఆయన ముందర ఇప్పటికీ గొంతు సన్నం చేస్కొని సరేనండీ, అలాగేనండీ తప్ప ఇంకో మాట మాట్లాడ.” మేఖల ఒక బజ్జీని నోట్లో వేసుకుంది. “ఈ సినిమాకి మాత్రం నేనే చెప్పిన. వేరే డైరెక్టర్ గదా. గనిల పనిచేసే ఆడమనిషికి తేనె గొంతేంది? వచ్చేవారం విడుదల. అప్పటిదాక ఎవరికీ చెప్పకు.”

“నాదేమో ఉల్టా అక్కా. నా గొంతు తీసేసిండ్రు. నీ యాస వద్దు, క్లాసుగ ఉండాలని మా ప్రొడ్యూసర్ వేరే ఆమెతోని చెప్పించిండు.”

“ఎవరితోని?”

“సుభాషిణమ్మతోనే.”

మేఖల పకపకా నవ్వింది. “అరె, నా గొంతు నీకు అద్దెకిచ్చిన్రానే.”

మందాకిని నవ్వలేదు. ఏదో మనసులో కదిలింది కానీ, అది ఒక ఆలోచనగా కుదురుకునే లోపే తలుపు మీద ఎవరో మునివేళ్లతో తట్టారు.

కొల్లూరి వాచస్పతి. జ్యూరీ అధ్యక్షుడు, పెద్ద దర్శకుడు. ఆయన గదిలోకి రాగానే మేఖల పళ్లెం బల్ల మీద పెట్టి, చీర సర్దుకుని, “నమస్కారమండీ,” అంది. చిలక పలికినట్టుంది.

“కూర్చోమ్మా, కూర్చో,” అని వాచస్పతి తస్నీమ్ వైపు తిరిగాడు. “తల్లీ, నా జ్యూరీలో అలాంటి మాట అన్న మనిషి ఉన్నాడంటే తల ఎత్తుకోలేకుండా ఉన్నాను. ఆ గొడవ విన్నావు కదా. నా మాట విని హుందాగా వదులుకో. ‘ఈ గౌరవం నాకు వద్దు’ అని స్టేజీ మీద రెండు ముక్కలు చెప్పావంటే జనం నిన్ను నెత్తిన పెట్టుకుంటారు.”

“నేను వదులుకుంటే అది ఎవరికిస్తరు సార్?”

“నియమం ప్రకారం రెండో స్థానంలో ఉన్నవాళ్లకి. అది మన మేఖల కావడం కేవలం యాదృచ్ఛికం.”

మేఖల తలొంచుకుని బజ్జీల వైపు చూసింది.

“సార్, ఒకటడుగుత,” అంది తస్నీమ్. “నన్ను చూసినోళ్లంత ఏ దేశం నుంచి వచ్చినవంటరు. మాసాబ్‌ట్యాంక్ అంటే నవ్వుతరు. మా తాతల తాతలు నిజాం గుర్రపుదళంల పనిచేస్తందుకు ఆఫ్రికా నుంచి వచ్చిన్రు. అప్పటికెళ్లి ఆ గల్లీలనే ఉన్నం. గెలవకపోతే రంగు వల్ల అంటరు. గెలిస్తే రంగు వల్లనే అంటరు. నేను యాక్టింగ్ చేసిన్నా లేదా అన్నది ఎవరు చెప్తరు?”

“కాలం చెప్తుంది తల్లీ.”

“కాలం దాకా ఎందుకు సార్, తూనికనే అడుగుత. అందరి ముందరనే అడుగుత.”

వాచస్పతి చిరునవ్వు కొద్దిగా సడలింది. “ఆ నియమం నేను రాసిందేనమ్మా. దాన్ని వాడుకునేవాళ్లుంటారని రాయలేదు. నీ మీద పడ్డ మాటని నువ్వే మైకులో తవ్వుకుంటావా? రేపు పరువు…”

“బిచ్చం వేసినోళ్ల మొఖం ఒకసారి చూడాలె గదా,” అంది తస్నీమ్. తీసిన జుంకీ మళ్లీ పెట్టుకుంది. “మేడమ్, ఆటోను పొమ్మనండి.”

హాల్లో గోల ఇంకా ఆగలేదు. కెరటం ఆడిటోరియం మెల్లగా తిరిగి అస్తమించే సూర్యుడి వైపు ముఖం పెట్టింది. గాజుగోడల నిండా నారింజ వెలుగు. వేదిక మధ్యలో మైకు ముందు తస్నీమ్ నిలబడగానే అరుపులు తగ్గాయి. ఏడుస్తుందనో, తిడుతుందనో అందరూ ఎదురుచూస్తున్నారు. ముందు వరసలో వాచస్పతి, ఆయన పక్కన మేఖల కూర్చున్నారు. మందాకిని వేదిక మెట్ల దగ్గరే ఉంది.

“నా పేరు తస్నీమ్,” అందామె. “నన్ను తెర మీద చూసిన్రు కానీ నా గొంతు విన్లే. ఇది నా గొంతు. పొద్దున్నించి మీరందరు ఒక మాట వింటున్నరు. ఫొటోల రంగు కోసం ఎనిమిది మార్కులని. ఎవరన్నరో చెప్పమని నేను తూనికను అడుగుతున్న. వాళ్లు లేచి నా కండ్లల్లకు చూసి ఆ మాట మళ్లొకసారి అంటే, ఈ వెండి రీలు ఇక్కడనే పెట్టి పోత.”

కప్పు నుంచి తూనిక గొంతు వచ్చింది.

“క్షమించాలి తస్నీమ్ గారూ. మీకు చెప్పే హక్కు నాకు లేదు.”

“ఎందుకు లేదు? అందరి ముందరనే అడిగిన గదా.”

“అడిగారు. కానీ ఆ వ్యాఖ్య మీ గురించి కాదండీ.”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా గుసగుసలు లేచాయి. మందాకిని మెట్టు మీద చతికిలబడింది. గదిలో కుదురుకోని ఆలోచన ఇప్పుడు కుదురుకుంది.

తూనిక ముఖం తీసేసింది, రంగు తీసేసింది, పేరు తీసేసింది. గొంతు మాత్రం ఉంచింది. నటనలో సగం గొంతే, దాన్ని తీస్తే ఒప్పుకోమని జ్యూరీ పట్టుబట్టింది. అందరికంటే గట్టిగా పట్టుబట్టింది వాచస్పతే. ఆవిడ సరేనంది. ఈ పరిశ్రమలో తెర మీద వినపడే గొంతు తెర మీద కనపడే మనిషిది కాదన్న సంగతి, తెలిసి కూడా ఆ రోజు తట్టలేదు.

బూడిద బొమ్మల్ని చూస్తూ జ్యూరీ చేసింది మార్కులెయ్యడం కాదు, పేర్లు ఊహించడం. తేనె గొంతుతో మాట్లాడిన రెండో బొమ్మ మేఖల అనుకున్నారు. గరుకు గొంతుతో, తెలంగాణ యాసలో మాట్లాడిన ఐదో బొమ్మ హైదరాబాద్ సిద్దీ అమ్మాయి అనుకున్నారు. రంగు కనపడకపోతే వెతుక్కుని మరీ పూశారు, అదీ తప్పు మనిషికి.

ముందు వరసలో వాచస్పతి లేచాడు. “ఈ యంత్రం పాడైంది. చిల్లు కుండ ఇది. పొద్దున గుట్టు బయటపెట్టింది, ఇప్పుడు మాట మారుస్తోంది. దయచేసి కార్యక్రమాన్ని వాయిదా వేసి…”

“కూసోండి సార్,” అంది ఒక గొంతు.

ఇసుకలో గరిటె తిప్పినట్టున్న గొంతు. వాచస్పతి ఎవరా అని వెనక్కి తిరిగి చూశాడు. వెనక మాట్లాడినవాళ్లెవరూ లేరు. పక్కకి తిరిగితే మేఖల కనిపించింది. ఆయన నిజంగానే కూర్చుండిపోయాడు.

మేఖల లేచి నిలబడింది. ఆవిడ అసలు గొంతు మొదటిసారి విన్న హాలు నోరు తెరుచుకుని చూస్తోంది. “తూనికా, గరుకు గొంతుతోని మాట్లాడిన బొమ్మ నేనేనా?”

“అవునండీ. ఐదో బొమ్మ.”

“అయితే ఆ ఫొటోల రంగు నేనేనా?”

“అవునండీ. ఆ వ్యాఖ్య మీ గురించే.”

మేఖల తన తెల్లటి చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ముందు వరస నుంచి వెనక వరసలకీ, పై బాల్కనీకీ పాకింది. “దయ వద్దు” అని అరిచినవాళ్లు ముందు తమలో తాము చూసుకున్నారు, తర్వాత వాళ్లూ ఆపుకోలేకపోయారు. వాళ్లు పొద్దున్నించీ పోరాడింది మేఖలకి రావాలని. దయ అందుకున్నదీ మేఖలే.

తస్నీమ్ మాత్రం నవ్వలేదు.

“ఆగండి,” అంది మైకులో. “అంటే నన్ను మేఖలక్క అనుకొని నాకు ఎక్కువ వేసిండ్రా? అది కూడా నాకొద్దు. రంగు వద్దు, అద్దె గొంతు కూడా వద్దు.”

“ఆ అనుమానం నాకూ వచ్చిందండీ,” అంది తూనిక. “అందుకే నోటి మార్కులన్నీ తీసేసి ఇప్పుడే లెక్కచూశాను. ఒంటి మార్కుల్లో మీరే మొదటి స్థానం. అవి ఎక్కువగా వచ్చింది క్యారేజీ సన్నివేశంలో.”

మందాకినికి ఆ సన్నివేశం గుర్తొచ్చింది. రేవులో క్రేను నడిపే అమ్మాయికి, తల్లి పోయిందని పైన క్యాబిన్‌లో ఉండగా కబురొస్తుంది. కిందికి దిగే వీల్లేదు, ఓడలో సరుకు సగమే దించి ఉంది. ఆ పొద్దున తల్లి కట్టిచ్చిన క్యారేజీ విప్పి, ఒక్క మెతుకు వదలకుండా నెమ్మదిగా తింటుంది. ఏడవదు. మూత తిరిగి పెట్టి, క్రేను మీద చెయ్యి వేస్తుంది. అంతే.

“ఆ సన్నివేశంలో ఒక్క మాట కూడా లేదండీ,” అంది తూనిక. “ఎవరి గొంతూ లేదు. రంగూ లేదు. ఒక బూడిద బొమ్మ అన్నం తింది. జ్యూరీలో అందరి ఊపిరీ ఆగింది. ఆ ఫొటో మాట అన్న వ్యక్తి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. మీ గురించి వారన్న మాట కావాలంటే చెప్తాను, అది అడిగే హక్కు మీకుంది.”

“ఏమన్నరు?”

“‘ఆహా. ఇది నేను చెక్కిన శిల్పం. ఈ పిల్లకి నటన నేర్పింది నేనే. కళ్లు మూసుకుని పది.’”

ఈసారి తస్నీమ్ కూడా నవ్వింది. ముందు పెదవి కొరుక్కుంది, ఆగలేదు. నవ్వుతుంటే కుడి చెవి జుంకీ ఊగింది. “నాకు యాక్టింగ్ నేర్పింది మా గల్లీల నౌటంకి వీధినాటకాలు వేసే మా నానమ్మ. ఆ సార్ ఎవరో గానీ మా నానమ్మ పేరు కొట్టేసిండు.”

వాచస్పతి ఫోను చూసుకుంటూ, ఏదో అత్యవసరం వచ్చినట్టు ముఖం పెట్టి, వరస చివరకి జరుగుతున్నాడు. కెరటం ఆడిటోరియం సముద్రం మధ్యలో ఉందనీ, పడవ వస్తే తప్ప వెళ్లే చోటు లేదనీ ఆయనకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. గాజు తలుపు దగ్గర ఆగిపోయాడు.

మేఖల వేదిక ఎక్కింది. మైకు అందుకుంది. అందుకుని గొంతు సన్నం చెయ్యలేదు.

“తూనికా, ఫొటో మాట అన్నదెవరో, పొద్దున దాన్ని బయట పెట్టిందెవరో అడిగే హక్కు ఇప్పుడు నాకున్నట్టే గదా?”

“ఉందండీ. రెండూ ఒక్కరే. చెప్పమంటారా?”

“ఇప్పుడే వద్దు. ముందు ఆ పిల్ల చేతిల రీలు పెట్టాలె. లేకపోతే రేపు పేపర్ల ఆయన పేరే పెద్దక్షరాల్లో వస్తది, ఈమె పేరు మూలకి పోతది.”

వెండి రీలు మేఖలే అందుకుని తస్నీమ్ చేతుల్లో పెట్టింది. హాలు లేచి నిలబడింది. చప్పట్ల మధ్య తస్నీమ్ ఆ రీలుని రెండు చేతులతో పట్టుకుని బరువు చూసింది. క్యారేజీ పట్టుకున్నట్టే పట్టుకుంది. ఎవరిదో అనుకున్న వస్తువు తనదేనని నిర్ధారణగా తెలిసినప్పుడు మనుషులు అలా పట్టుకుంటారు. మందాకినికి కళ్లు చెమర్చాయి. కొలవడానికి ఒంటి మీద సెన్సర్ లేనందుకు సంతోషించింది.

చప్పట్లు ఆగేదాకా మేఖల ఓపిగ్గా నిలబడింది. తర్వాత గాజు తలుపు వైపు చూసి, మైకులో ఎంతో ప్రేమగా అంది.

“నన్ను గాజు బొమ్మ లెక్క పెంచినోళ్లకే నా గొంతు తెల్వదంటే నేను నమ్మ. ఇగ చెప్పు తూనికా. ఎవరు?”

కెరటం ఆడిటోరియం అంతా తలలు తిప్పి తలుపు వైపు చూస్తుండగా, తూనిక గొంతు సవరించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, స్పష్టంగా, మర్యాదగా, చివరి వరసకి కూడా వినపడేలా చెప్పింది.

“కొల్లూరి వాచస్పతి గారు.”